ఉక్కుకు పాకం పట్టిన ఊరు

నిజామాబాద్‌లో జగిత్యాల బస్సెక్కితే ఆర్మూరు, మోర్తాడ్ దాటాక కమ్మర్‌పల్లి వస్తుంది. దారి పొడుగునా పసుపు చేలు, మొక్కజొన్న, వరి మళ్లు. ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపిన డబ్బుతో లేచిన డాబాలు. ఉత్తర తెలంగాణలో ఏ రోడ్డు మీదైనా కనిపించే బతుకే. ఆ పెద్ద రోడ్డు వదిలి లోపలికి వెళితే కోనసముద్రం అనే ఊరు ఉంది. తెలంగాణలో పెద్ద చెరువుకు సముద్రం అని పేరు పెట్టుకోవడం మామూలే. అసలు సముద్రం మాత్రం ఇక్కడికి చాలా దూరం. అయినా రెండు వందల ఏళ్ల కిందట ఆ సముద్రం అవతలి నుంచే ఈ ఊరికి బేరగాళ్లు వచ్చేవారు. ముత్యాల కోసం కాదు, పసుపు కోసమూ కాదు... అరచేతిలో పట్టే నల్లటి ఉక్కు ముద్దల కోసం!

ఇక్కడ చూడాల్సినదాన్ని తలెత్తి కాదు, తలవంచి చూడాలి. గాజులా మెరిసే నల్లటి చిట్టెం పెళ్లలు, కాలి కాలి రంగు మారిన మట్టి మూసల పెంకులు... అంతే. తెలియనివాళ్లు పగిలిన కుండలనుకుని దాటిపోతారు. తెలిసినవాళ్లు మాత్రం ఇంగ్లండ్ నుంచి, అమెరికా నుంచి వెతుక్కుంటూ వచ్చారు. ఎందుకంటే, ఇంజినీరింగ్ కాలేజీల్లో ‘మెటీరియల్ సైన్స్’ పేరుతో పిల్లలు చదివే మొదటి పాఠం మొత్తం ఈ పెంకుల్లోనే ఉంది.

ఇస్ఫహాన్ హాజీ

హెన్రీ వోయ్సీ అనే ఇంగ్లిషు డాక్టరు ఉండేవాడు. పేరుకు డాక్టరే గానీ మనసంతా రాళ్ల మీదే. దేశాన్ని త్రిభుజాలుగా కొలుస్తూ పోయిన మహా సర్వేలో కర్నల్ లాంబ్టన్ వెంట ఆయన వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా దక్కన్ అంతా తిరిగాడు. 1824లో చనిపోయాడు. కోనసముద్రంలో తాను చూసిన ఉక్కు తయారీ గురించి ఆయన రాసిపెట్టింది ఆ తర్వాత 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఆ రాతలో ఒక మనిషి కనిపిస్తాడు. హాజీ హుసేన్. ఊరు ఇరాన్‌లోని ఇస్ఫహాన్. ఉక్కు కొనడానికి వచ్చిన వర్తకుడు. సరుకు మూటగట్టుకుని పోయే రకం కాదు. కొలిమి దగ్గరే ఉండి పని తన కళ్లతో చూసుకునేవాడు. ఇలాంటి ఉక్కును తమ దేశంలో చేయాలని చూశారనీ, కుదరలేదనీ వోయ్సీ వినికిడి. ఆలోచిస్తే వింతే. కొలిమి ఎదురుగా ఉంది, దినుసులు కళ్ల ముందున్నాయి, పని దాచి చేయడం లేదు. మరి ఇంటికెళ్లి చేసుకోవడానికి అడ్డమేమిటి?

అరిసెలు వండిన ఇల్లాలిని అడిగితే వెంటనే చెబుతుంది. బెల్లం అదే, నీళ్లు అవే, పిండీ అదే. పాకం ఒక్క క్షణం ముదిరితే అరిసె రాయి అవుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. పంచదారతో లేతపాకం పడితే గులాబ్‌జామ్‌లోకి, తీగపాకం పడితే లడ్డూలోకి. అదే పంచదారను కరిగించి గిర్రున తిప్పితే పీచుమిఠాయి. అందులో ఏముందన్నది సగం సంగతే. ఎంత వేడి చేశారు, ఎలా చల్లార్చారు, లోపల ఎలా పేరుకుంది... మిగతా సగం అక్కడే ఉంది. మెటీరియల్ సైన్స్ పుస్తకం ఎన్ని వందల పేజీలున్నా మొదటి మాట ఇదే. వస్తువు గుణం దాని దినుసుల్లోనే కాదు, దాని కట్టడిలో ఉంది. ఆ కట్టడి వచ్చేది తయారీలో.

ఇనుము ఇల్లు మారుతుంది

బీటెక్ మెకానికల్ పిల్లల్ని భయపెట్టే బొమ్మ ఒకటుంది. ఇనుము-కార్బన్ డయాగ్రమ్. అడ్డంగా కార్బన్ శాతం, నిలువుగా ఉష్ణోగ్రత, మధ్యలో సాలెగూడులాంటి గీతలు. పరీక్ష ముందు రాత్రి బట్టీపట్టి, మర్నాడు గీసేసి మర్చిపోతారు. ఆ బొమ్మను కోనసముద్రం కొలిమి పక్కన పెట్టి చూస్తే అంత భయం వేయదు.

స్వచ్ఛమైన ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పాతకాలం బొగ్గు కొలిముల్లో ఆ వేడి అందడం గగనం. అందుకే మామూలు కమ్మరి ఇనుము కరిగేది కాదు. మెత్తబడి స్పంజిలా గడ్డకట్టేది. దాన్ని సమ్మెటతో బాది చిట్టెం బయటికి కక్కించేవారు. కానీ ఇనుములో కార్బన్ చేరితే కరిగే వేడి తగ్గుతుంది. 4.3 శాతం కార్బన్ ఉంటే 1150 డిగ్రీల లోపే ద్రవమవుతుంది. అదే పోత ఇనుము. కరుగుతుంది కానీ పెళుసు, సుత్తి దెబ్బకు పగులుతుంది. కార్బన్ లేని ఇనుము మెత్తన, వంగుతుంది. ఈ రెంటి మధ్య ఒకటి నుంచి రెండు శాతం దాకా కార్బన్ ఉన్న ఇరుకు సందులో ఉంది కోనసముద్రం ఉక్కు. ఇళ్ల శ్లాబుల్లో వేసే ఇనుప ఊచల్లో ఉండే కార్బన్‌కు ఇది నాలుగైదు రెట్లు!

అయితే కార్బన్ ఎక్కడుంటుంది? ఇనుప అణువుల మధ్య సందుల్లో. మామూలు వేడిలో ఇనుప అణువులు ఒక రకంగా పేర్చుకుని ఉంటాయి. 912 డిగ్రీలు దాటితే బత్తాయిల బుట్టను దించి మళ్లీ సర్దినట్టు వరస మార్చుకుంటాయి. కొత్త వరసలో అవి మరింత దగ్గరవుతాయి గానీ, మిగిలే సందులు మాత్రం ఒక్కొక్కటీ పెద్దవి. కార్బన్ వాటిలో కూర్చుంటుంది. 1150 డిగ్రీల దరిదాపుల్లో ఈ ఇనుము రెండు శాతం దాకా కార్బన్‌ను కడుపులో పెట్టుకుంటుంది. చల్లబడుతూ 727 డిగ్రీలు దాటి పాత వరసకు వచ్చిందా, 0.02 శాతానికే చోటు. వందో వంతు! వేడి కాఫీలో కరిగిన పంచదార చల్లారాక అడుగున తేలినట్టు, మిగిలిన కార్బన్ బయటపడాల్సిందే. బయటపడేటప్పుడు ఇనుముతో కలిసి సిమెంటైట్ అనే గట్టి పదార్థంగా పేరుకుంటుంది.

బయటపడే తీరిక ఇవ్వకుండా నీళ్లలో ముంచేస్తే? ఊళ్లో కమ్మరి కొడవలికి చేసే పని అదే. ఎర్రగా కాల్చి నీళ్ల తొట్టిలో ముంచుతాడు. సుయ్యిమన్న శబ్దంతో కార్బన్ ఎక్కడిదక్కడ ఇరుక్కుపోతుంది, అణువుల వరస బిగుసుకుంటుంది. అంచు గట్టిపడుతుంది, పెళుసూ అవుతుంది. అందుకని మళ్లీ కాస్త సెగ చూపిస్తాడు. దీనికి తెలుగులో ఉన్న మాట ‘పదును’. వాన పడ్డాక నాగలికి సరిగ్గా అనువైన స్థితికి వచ్చిన నేలనూ పదునే అంటాం. అటు తడిసి ముద్దవకుండా, ఇటు ఎండి పెడ్డ కట్టకుండా ఉండే ఆ మధ్య ఘడియను నేలలోనూ ఇనుములోనూ ఒకే మాటతో పట్టుకున్న భాష మనది. ఏ పాఠ్యపుస్తకంలోని నిర్వచనమైనా ఇంతకంటే బాగుంటుందా అనిపిస్తుంది.

ఊక కలిపిన మూస

కోనసముద్రంలో రెండు రకాల ఇనుము వాడేవారని వోయ్సీ రాశాడు. ఒకటి మెట్‌పల్లి వైపు నుంచి, ఇంకొకటి కొండాపూర్ నుంచి. మొదటిది మూడు పాళ్లు, రెండోది రెండు పాళ్లు. ఒక దానిలో కార్బన్ ఎక్కువ, ఇంకో దానిలో తక్కువ. రెంటినీ కలిపి కరిగిస్తే మధ్యస్థంగా కావలసిన పాళ్లకు వస్తుందని పరిశోధకుల అంచనా. చిక్కటి డికాషన్‌లో పాలు పోసి రంగు చూసుకున్నట్టే. తమిళనాడు, మైసూరు వైపు పద్ధతి వేరు. అక్కడ మెత్తని ఇనుప ముక్కలతో పాటు మూసలో తంగేడు కట్టె పెట్టి, పైన జిల్లేడు ఆకులు కప్పి, మూత మట్టితో మెత్తేవారు. లోపల ఆ కట్టే బొగ్గయి ఇనుముకు కార్బన్ అందించేది. బతుకమ్మలో పేర్చే తంగేడే!

ఇక మూస సంగతి. పధ్నాలుగు వందల డిగ్రీల వేడిలో రోజంతా కరిగిన ఉక్కును పట్టుకుని నిలవాలి. మామూలు కుండ అయితే గంటలోనే కుంగిపోతుంది. ఇక్కడివాళ్లు మట్టిలో వరి ఊక దండిగా కలిపేవారు. ఊకను పశువులు కూడా తినవు, ఎందుకంటే దాంట్లో సిలికా ఎక్కువ. అదే ఇక్కడ పనికొచ్చింది. కాలినప్పుడు ఊకలోని సిలికా గట్టి అస్థిపంజరంలా మిగిలింది, ఊక బొగ్గు వేడికి తట్టుకుంది, మట్టిలో ముల్లైట్ అనే సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు అల్లుకున్నాయి. 1980ల చివర్లో థెల్మా లోవ్ అనే అమెరికన్ పరిశోధకురాలు దక్కన్ మూసల పెంకుల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. సహచరులతో కలిసి ఆమె రాసిన పత్రం ఆ మూసను పోగులతో బలపరిచిన సిరామిక్ కాంపోజిట్‌గా వర్ణించింది. కాంపోజిట్ అంటే ఇవాళ విమానాల రెక్కలకు, రాకెట్ల ముక్కులకు వాడే జాతి పదార్థం. ఉక్కు గురించి గొప్పలు చెప్పేవాళ్లు చాలామంది. ఈ మూసకు రావలసిన మెప్పు మాత్రం ఇంకా రాలేదు.

వోయ్సీ లెక్క ప్రకారం కొలిమి ఇరవై నాలుగు గంటలు ఆగకుండా మండేది. తిత్తులు ఊదుతూనే ఉండాలి. తర్వాత అసలు పని... ఏమీ చేయకపోవడం! మూసల్ని బయటికి లాగకుండా కొలిమిలోనే నెమ్మదిగా చల్లారనిచ్చేవారు. తొందరపడితే ముద్ద చెడినట్టే. మూస పగలగొడితే లోపల ముప్పావు కిలో కూడా లేని గుండ్రటి ఉక్కు బిళ్ల. అదీ చేతికిస్తే కమ్మరి సుత్తి కింద నిలవదు, అంత గట్టి. అందుకని మట్టి మెత్తి పన్నెండు నుంచి పదహారు గంటలు సెగన పెట్టి, చల్లార్చి, మళ్లీ పెట్టి... ఇలా మూడు నాలుగు సార్లు. ఆపైనే అది సాగే ఉక్కు.

ఆ ఉక్కు ఎటు వెళ్లింది?

17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే, అలల మరకలు తేలే కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాశాడు. డచ్చివాళ్లు మచిలీపట్నం రేవు నుంచి ఉక్కు ఓడలకెక్కించారు. బందరులో బయల్దేరిన సరుకు పర్షియా సింధుశాఖలోని బందర్ అబ్బాస్‌లో దిగేది. అక్కడి కమ్మరులు సాగగొట్టి, నీటి మీద గాలి పారినట్టు గీతలు తేలే కత్తులు చేసేవారు. ఆ గీతల్ని వాళ్లు ‘జౌహర్’ అన్నారు. యూరపువాళ్లు ఆ కత్తులకు డమాస్కస్ పేరు తగిలించారు.

ఇక్కడ కాస్త నెమ్మది అవసరం. ‘ప్రపంచంలోని డమాస్కస్ కత్తులన్నీ మనవే’ అనే మాట పత్రికల్లో, ఉపన్యాసాల్లో వినిపిస్తుంటుంది. అది అతి. మధ్య ఆసియాలోని మెర్వ్‌లో, శ్రీలంకలో, ఇరాన్‌లోని కొన్ని చోట్ల కూడా మూస ఉక్కు చేశారు. తవ్వకాల్లో వాళ్ల మూసలూ దొరికాయి. మన వాటా మనకు చాలినంత ఉంది. ఇంగ్లిషులో ఈ ఉక్కు పేరు ‘వూట్జ్’. తెలుగు, కన్నడ భాషల ‘ఉక్కు’ తెల్లవాళ్ల చేతిరాతల్లో నలిగి అలా అయిందని ఎక్కువమంది ఒప్పుకునే మాట. ‘విశాఖ ఉక్కు’ అంటూ ఆంధ్రదేశమంతా ఊరేగిన మాటే నూట డెబ్భై ఏళ్ల ముందు లండన్ రాయల్ సొసైటీ గడప తొక్కింది. 1795లో జార్జ్ పియర్సన్ అక్కడ వూట్జ్ మీద పత్రం చదివాడు.

అంతటితో యూరపుకు పిచ్చి పట్టుకుంది. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే, తర్వాత కరెంటు శాస్త్రంలో మహానుభావుడైనవాడు, కుర్రతనంలో ఈ ముద్దల్ని పరీక్షించాడు. సర్జన్ల కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఇనుములో వెండి, ప్లాటినం లాంటివి కలిపి చూశాడు. వూట్జ్ రహస్యం అల్యూమినియం, సిలికాన్ సంబంధ పదార్థాలేమో అని 1819లో అనుమానించాడు. తప్పు. అయితే ఆ తప్పు వెంట పడిపోయిన పరిశోధనే మిశ్రమ ఉక్కుల శాస్త్రానికి తొలి అడుగుల్లో ఒకటయింది. పారిస్ టంకశాలలో పనిచేసిన బ్రెయాన్ కార్బనే కీలకమని పట్టుకున్నాడు. రష్యాలో ఉరల్ కొండల దగ్గర అనోసోవ్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి 1841లో పుస్తకం వేశాడు.

యూరపు కమ్మరులు మొదట ఎందుకు ఓడిపోయారో ఇప్పుడు తేలికగా చెప్పొచ్చు. వాళ్ల ఉక్కులో కార్బన్ తక్కువ. తెల్లగా కాగేదాకా కాల్చి కొట్టడం వాళ్లకు అలవాటు. కార్బన్ దండిగా ఉన్న మన ముద్దను అంత వేడి చేస్తే లోలోపల కొంత కరిగిపోతుంది. సుత్తి పడగానే పొడిపొడి! ఎర్రటి సెగలోనే ఓపికగా కొట్టాలి. ఇనుము-కార్బన్ డయాగ్రమ్‌లో ఆ చోటును ఇవాళ వేలుపెట్టి చూపించొచ్చు. ఇరాన్ కమ్మరికి ఆ బొమ్మ లేదు. కొలిమిలోని ముద్ద రంగు చూసి తెలుసుకునేవాడు.

తెగిన గొలుసు

1856లో బెస్సెమర్ కొత్త పద్ధతి కనిపెట్టాక ఉక్కు టన్నుల లెక్కన చవగ్గా పారింది. రోజంతా తిత్తులు ఊది, రోజుల తరబడి చల్లార్చి తీసే చిన్న బిళ్లను ఎవరు కొంటారు? తుపాకులొచ్చాక కత్తికీ గిరాకీ పోయింది. 19వ శతాబ్దం ముగిసేసరికి దక్కన్‌లో మూస ఉక్కు కొలిములు దాదాపు ఆరిపోయాయి. విషాదం ఏమిటంటే ఈ విద్య ఏ ఒక్కరి దగ్గరా పూర్తిగా లేదు. రాయి తెచ్చేవాడికి రాయి తెలుసు. కోనసముద్రంవాళ్లకు మూస, సెగ, చల్లార్చడం తెలుసు. ఏ ముద్ద మంచిదో హాజీకి తెలుసు. సాగగొట్టడం ఇస్ఫహాన్ కమ్మరికి తెలుసు. ఒక కొక్కెం ఊడితే గొలుసంతా జారిపోయింది.

తిరిగి పట్టుకోవడానికి మరో వందేళ్లు పట్టింది. అమెరికాలో జాన్ వెర్‌హూవెన్ అనే లోహశాస్త్ర ప్రొఫెసరు, ఆల్‌ఫ్రెడ్ పెండ్రే అనే కత్తుల కమ్మరి జతకట్టారు. ఒకరికి మైక్రోస్కోపు, ఇంకొకరికి సుత్తి. ఏళ్ల శ్రమ తర్వాత పాత గీతలు మళ్లీ తెప్పించారు. 1998లో వాళ్లు చెప్పిన జవాబు చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఉక్కులో వెనేడియం లాంటి మూలకం 0.02 శాతం కూడా లేనంత లవలేశం ఉండాలట. ముద్ద నెమ్మదిగా చల్లారేటప్పుడు అది వరసలుగా సర్దుకుంటుంది. మళ్లీ మళ్లీ కాల్చి కొట్టే కొద్దీ సిమెంటైట్ రేణువులు ఆ వరసల వెంటే బారులు తీరతాయి. కత్తి మీద తేలే అలలు అవే! ఆ లేశం రాతితోనే వచ్చింది తప్ప ఎవరూ కొలిచి వేసింది కాదు. గని మారితే, చేతి నేర్పు అంతా ఉన్నా అలలు రావు. ఈ విద్య మరుగునపడటానికి అదీ ఒక కారణం కావచ్చని వెర్‌హూవెన్ అభిప్రాయం. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు ఒక పాత కత్తిలో కార్బన్ నానోట్యూబులు కనిపించాయని ‘నేచర్’ పత్రికలో రాశారు. దానిమీద వాదం ఇంకా నడుస్తోంది.

కోనసముద్రం వైపు చూపు మళ్లడం కూడా ఆ రోజుల్లోనే. బెంగళూరుకు చెందిన శారదా శ్రీనివాసన్, ఎస్.రంగనాథన్ 2004లో ఈ ఉక్కు మీద పుస్తకం తెచ్చారు. 2010 ప్రాంతంలో బెంగళూరు, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ పరిశోధకులు, తెలంగాణ ఇనుము చరిత్రను ఏళ్లుగా వెతుకుతున్న జైకిషన్‌తో కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో నడిచారు. వందకు పైగా చోట్ల చిట్టెం దిబ్బలు, కొలిమి ఆనవాళ్లు నమోదు చేశారు. ఒక దిబ్బ పక్కన ఏ రకం చిట్టెం, ఎన్ని మూసలు, ఎంత లోతున... ఆ వరసే వాళ్లకు పుస్తకం. జేసీబీ ఒక్క పూట పనిచేసి పొలం చదును చేస్తే ఆ పుస్తకంలో పేజీలు పోతాయి. రైతును తప్పుపట్టడానికీ లేదు. దిబ్బ ఉన్నంత మేరా పంట పండదు మరి!

వోయ్సీ వచ్చిన రోజుల్లో గల్ఫ్ ఒడ్డు మీదుగా మనుషులు ఈ ఊరికి పనివాళ్లను వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు పని వెతుక్కుంటూ అదే ఒడ్డుకు వెళుతున్నారు. వెల్డింగు పనికి వెళ్లేవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు.

వెళ్లాలనుకుంటే నిజామాబాద్ నుంచి కమ్మర్‌పల్లి దాకా బస్సులో పోవచ్చు. అక్కడి నుంచి లోపలికి ఆటో మేలు. వానాకాలంలో పచ్చదనం తప్ప ఏమీ కనిపించదు. పంట కోసి దుక్కి దున్నాక వెళ్లండి. నాగటిచాళ్లలో పెంకులు పైకి తేలతాయి. బీటెక్ చదివే పిల్లలుంటే వెంట తీసుకెళ్లండి. పొలం వాళ్లను అడిగి, విరిగిన పెంకు ఒకటి చేతిలోకి తీసుకుని అంచు దగ్గర పరీక్షగా చూస్తే ఊక కాలిన సన్నటి నల్లటి గుంతలు కనిపిస్తాయి. వడ్లగింజ ఆకారం కూడా చెదరలేదు. చూశాక ఎక్కడ తీశారో అక్కడే పెట్టేయండి.